మాచర్లలో ఊడిన మీసం

అమర్నాథ్ కొత్త సినిమా విడుదలైన రోజు యలమంద ఇంట్లో వంట దండగ. ఈ సంగతి ఆయన భార్య అంజమ్మకు ఎప్పుడో అర్థమైంది. ఆ రోజు తన మటుకు గుప్పెడు బియ్యం వేసుకుని, మొగుడి కంచం గూట్లోంచి తీయనే తీయదు. ఎవరైనా అడిగితే దాచదు కూడా.

"ఆయనకి ఇయ్యాల కడుపుమంట. అన్నంతో చల్లారేది కాదులే," అంటుంది.

అమర్నాథ్ పెద్ద డైరెక్టరు. ఢిల్లీలో అవార్డులు తీసుకున్నవాడు. టీవీలో ఆయన మాట్లాడుతుంటే యాంకర్లు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటారు. యలమంద సంగతి నరసరావుపేటలో పెళ్లి చేసిన వాళ్లకు తెలుస్తుంది. షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే సప్లయి కంపెనీ ఆయనది. కోటప్పకొండ కింద ఉన్న ఊరి పేరే ఆయన పేరు. వాళ్లమ్మ ఆ కొండ మీది కోటయ్యస్వామికి మొక్కుకుంటే పుట్టాడట.

ఇద్దరితోనూ నాటకాలాడినవాణ్ని నేను. పేరు దేవానందం. బడిలో లెక్కలు చెప్పేవాణ్ని, నాటకాల్లో డాక్టరు వేషం వేసేవాణ్ని. ఏ నాటకమైనా నాకు డాక్టరు వేషమే. సొంత కళ్లజోడు ఉండటం తప్ప నాలో యలమందకు ఇంకో అర్హత కనపడలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది, అది వేరే సంగతి.

మా రోజుల్లో పల్నాడంతా పరిషత్తు నాటకాలు. పరిషత్తు అంటే పోటీ. ఎక్కడో ఒక ఊళ్లో పందిరి వేస్తారు, సమాజాలు వరసగా వచ్చి నాటకాలాడతాయి, ముందు వరసలో న్యాయనిర్ణేతలు కూర్చుని మార్కులేస్తారు. మా సమాజానికి రచయిత, డైరెక్టరు, హీరో అన్నీ యలమందే. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు. బొల్లాపల్లి వైపు నుంచి అమర్నాథ్ అప్పుడే మాలో చేరాడు. సన్నగా, మాటకు ముందు నవ్వుతూ ఉండేవాడు. వేషం ఇమ్మని నెలల తరబడి యలమంద వెంట తిరిగాడు.

"నీ గొంతు రెండో వరసకు కూడా పోదురా. తెర తాడు పట్టుకో," అన్నాడు యలమంద.

అమర్నాథ్ తాడు పట్టుకున్నాడు.

మాచర్ల పరిషత్తుకు మేము తీసుకెళ్లింది పత్తి రైతు నాటకం. యలమంద రైతు. కొడుకును ఆస్పత్రిలో చేర్చి బయట బల్ల మీద కూర్చుంటాడు. డాక్టరు, అంటే నేను, వెనక తలుపులోంచి వచ్చి "మీవాడు ఇక లేడయ్యా" అంటాను. అప్పుడు రైతు జనం వైపు చూస్తూ, గుండెలు బాదుకుంటూ పెద్ద డైలాగు చెప్పాలి. వానని, ప్రభుత్వాన్ని, పురుగుమందుల కంపెనీని, చివరికి దేవుణ్ని వరసబెట్టి తిట్టే డైలాగు. బహుమతి వస్తే దాని మీదే వస్తుందని మా అందరి ఆశ.

యలమందకు సొంత మీసం సరిగా రాదు. ఎప్పుడూ అతికించుకునేదే. ఆ రోజు మేకప్ చేసే ఆయన ఒక మామూలు మీసం తీశాడు. యలమంద దాన్ని విసిరేశాడు.

"మాచర్ల జనం ముందు ఈ బొద్దింక మీసంతో రైతు ఏందయ్యా? నవ్వరా? పౌరాణికాల పెట్టెలో పెద్దది ఉందిగా, అది పెట్టు."

"అది బరువన్నా. ఈ ఎండలకి జిగురు ఆగదు," అన్నాడాయన.

"ఆగుద్ది. పెట్టు."

ఆగలేదు. నేను వచ్చి నా డైలాగు చెప్పాను. యలమంద జనం వైపు తిరిగి, గుండె నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. మీసం ఒక పక్క ఊడి పెదవి మీద వేలాడింది. ఆయన దాన్ని గుప్పిట్లో పట్టుకుని గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇప్పుడు జనానికి ఆయన వీపు, నాకు ఆయన మొహం. ఆ మీసాన్ని మళ్లీ అతికించాలని రెండు చేతులతో అదుముతున్నాడు, చెమటకు అది జారిపోతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కన తాడు దగ్గర నిలబడ్డ అమర్నాథ్‌కు కళ్లతో సైగ చేస్తున్నాడు, తెర వెయ్యమని. తెర పడదు. నాకు నవ్వు ఆగడం లేదు. కళ్లజోడు తీసి, మొహం చేత్తో కప్పుకున్నాను.

పందిట్లో మొదట ఎవరో ఆడమనిషి వెక్కింది. తర్వాత ఇంకొకామె. కాసేపటికి పందిరంతా ముక్కులు చీదుతోంది. అప్పుడు పడింది తెర.

తెర వెనక యలమంద అమర్నాథ్ చొక్కా పట్టుకున్నాడు. "ఎందుకు వెయ్యలేదురా తెర?"

"తాడు ఇరుక్కుందన్నా," అన్నాడు అమర్నాథ్ తల దించుకుని.

చెంప మీద పడాల్సిందే. ఆ క్షణాన న్యాయనిర్ణేతలు లోపలికి వచ్చారు. వాళ్లలో పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ యలమందను కావిలించుకున్నాడు. "ఒక్క మాట లేకుండా చంపేశావయ్యా! దుఃఖాన్ని వీపుతో చూపించే ధైర్యం ఎవరికుంటుంది?" అన్నాడు.

యలమంద మీసం ఉన్న గుప్పిటను మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"అదే నా ఉద్దేశమండీ," అన్నాడు.

ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు రెండూ ఆయనకే వచ్చాయి. డాక్టరు గురించి ఒక్కడూ మాట్లాడలేదు.

ఆ బహుమతే యలమంద కొంప ముంచింది. నాలుగు రోజులు పోయేసరికి తాను నిజంగానే కావాలని తిరిగానని నమ్మేశాడు. ఇక ఆయన నాటకాల్లో ఎవరికి దుఃఖం వచ్చినా వీపు తిప్పాల్సిందే. తల్లి తిప్పేది, తండ్రి తిప్పేవాడు, ఒక నాటకంలో పెళ్లికూతురు, పురోహితుడు కలిసి తిప్పారు. "నటుల మొహాలు చూసే భాగ్యం మాకు కలగలేదు" అని ఒక పరిషత్తులో మైకులోనే అన్నారు. వీపు యలమంద అని పేరు పడింది. వేషగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి నాటకాల కోసం కొన్న తెరలు, లైట్లు, మైకులు మిగిలాయి. వాటికి షామియానాలు చేర్చి సప్లయి కంపెనీ పెట్టాడు.

అమర్నాథ్ హైదరాబాదు వెళ్లిపోయాడు. చాలా ఏళ్లు ఎవరెవరి దగ్గరో అసిస్టెంటుగా పని చేశాడని విన్నాం. తర్వాత ఒక రోజు నరసరావుపేట గోడల మీద పోస్టరు పడింది. 'సున్నపుబట్టీ'. రచన, దర్శకత్వం అమర్నాథ్.

మొదటి రోజు పొద్దున ఆటకే నన్ను లాక్కెళ్లాడు యలమంద. "తాడు లాగటం రానోడు సినిమా ఏం తీశాడో చూద్దాం పా మాస్టారూ," అన్నాడు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల్లో పని చేసే అన్నదమ్ముల కథ. చివర్లో తమ్ముడు బట్టీలో పడిపోయాడని అన్నకు చెబుతారు. అన్న మనకు వీపు తిప్పుకుని నిలబడిపోతాడు. భుజాల మీద సున్నం. సినిమా హాలు నిశ్శబ్దమైపోయింది. నా మోచేతిని యలమంద గట్టిగా పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

"నాది," అన్నాడు. "అది నాది మాస్టారూ. దొంగనాయాలు."

ఆ రోజు మొదలైంది ఆయన ఉపవాసం.

రెండో సినిమా ఒక పెద్ద హీరోతో తీశాడు అమర్నాథ్. అందులోనూ చివర హీరో వీపు తిప్పాడు. అభిమానులు ఊరుకుంటారా? మా హీరో వీపు చూడటానికి వచ్చామా అని కుర్చీలు విరగ్గొట్టారు. సినిమా మొదటి రోజే పోయింది. యలమంద మొహం వెలిగిపోయింది. ఆ రోజు ఒక్కటే అంజమ్మ చేతి అన్నం కడుపు నిండా తిన్నాడు. టీ కొట్టు దగ్గర ఆగిన వాడినల్లా ఆపి, ఎవరు తిప్పాలో ఎప్పుడు తిప్పాలో తెలియకపోతే ఇట్టాగే ఉంటదని పాఠం చెప్పాడు. ఆ పాఠం ఆయనకు ముందే తెలిసి ఉంటే మా సమాజం బతికేది. నేను అనలేదు.

మూడోది 'పిడుగురాళ్ల ప్యాసింజర్'. అవార్డు దానికే. కూతురు చనిపోయిందని రైల్లో తెలుస్తుంది ఒక తల్లికి. పెట్టె నిండా జనం. ఆమె కిటికీ వైపు తిరుగుతుంది. మనకు కనపడేది ఆమె ముడి, అందులో పొద్దున కూతురే పెట్టిన వాడిపోయిన కనకాంబరాలు. అంతే. అలా చాలాసేపు. రెండో సినిమాలో "ఇప్పుడు తిప్పుతాడు చూడు" అని నన్ను పొడిచాడు యలమంద. ఈసారి పొడవలేదు. బయటికి వచ్చి టీ తీసుకుని, తాగకుండా చాలాసేపు పట్టుకున్నాడు.

"పూలు నాకు తట్టేయి కాదు," అన్నాడు.

అంత కుళ్లు ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినలేదు. దొంగ అని తిట్టినప్పుడు కూడా లేదు.

ఆ తర్వాత ఏ సినిమా వచ్చినా పత్రికల వాళ్లు ఆ ఒక్క షాటు కోసం ఎదురుచూసేవాళ్లు. దానికి 'అమర్నాథ్ వీపు' అని పేరు పెట్టారు. ఈ పేరు విన్న రోజు యలమంద కొట్టు షట్టరు దించేశాడు. అమర్నాథ్ ప్రతి సినిమా విడుదలకు ఫోన్ చేసేవాడు. మోగి మోగి ఆగిపోయే దాకా యలమంద ఫోను వంక చూస్తూ కూర్చునేవాడు గానీ ఎత్తేవాడు కాదు.

పోయిన ఏడాది అంజమ్మ ఫోన్‌లో ఒక ఇంటర్వ్యూ కనపడింది. ఆ వీపు ఆలోచన ఎలా వచ్చిందండీ అని యాంకరమ్మాయి అడిగింది. అమర్నాథ్ నవ్వి, "చిన్నప్పుడు ఒక నాటకంలో చూశాను" అన్నాడు.

"ఒక నాటకం అంట!" యలమంద ఫోన్‌ను మంచం మీదికి విసిరాడు. "ఆడినోడికి పేరు లేదా? ఆ ఒక్క ముక్క ఆడి నోటితో జనంలో చెప్పాల. యలమందది అని చెప్పాల. నాకు ఇంకేం వద్దు."

అంజమ్మ ఫోన్ తీసుకుని అద్దం పగిలిందేమో చూసుకుంది. "ఆయన చెబితే మాత్రం? నీ మంట ఆరుద్దా?"

"ఆరుద్ది," అన్నాడు యలమంద.

ఈ శివరాత్రి తిరనాళ్ల అయిపోయిన వారానికి, మా ఊరి కళాసమితి వాళ్లు అమర్నాథ్‌కు సన్మానం పెట్టుకున్నారు. షామియానాలు, స్టేజీ, మైకుల కోసం యలమంద దగ్గరికే వచ్చారు. తన్ని తరిమేస్తాడనుకున్నాను. ఒప్పుకున్నాడు. అమర్నాథ్ కూర్చునే సింహాసనం కుర్చీని దగ్గరుండి తుడిపించాడు, కొత్త మైకు తెప్పించాడు.

"నా పందిట్లో, నా మైకు ముందు నిలబడి నా పేరు చెప్పకుండా యాడికి పోతాడు?" అన్నాడు నాతో. "పోతే వైరు పీకేస్తా."

ఉత్తమాటేమో అనుకున్నాను. సన్మానం సాయంత్రం చూస్తే, స్టేజీ వెనక ఆంప్లిఫయర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ప్లగ్గు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. నన్ను వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. ఊళ్లో ఎరువుల కొట్టాయన కూడా వేదిక మీద ఉన్నాడు.

ఎమ్మెల్యే మాట్లాడాడు, ఎరువుల కొట్టాయన మాట్లాడాడు. దండలు వేసి పెద్దలంతా కిందికి దిగి ముందు వరసలో కూర్చున్నారు. అప్పుడు అమర్నాథ్ లేచాడు. జుట్టు నెరిసింది. నవ్వు మాత్రం అదే.

"నా సినిమాల్లో వీపు గురించి అందరూ అడుగుతారు," అని మొదలుపెట్టాడు. "బయట ఎక్కడా నేను వివరం చెప్పలేదు. చెబితే ఈ గడ్డ మీదే చెప్పాలని దాచుకున్నాను. మాచర్లలో ఒక పత్తి రైతు నాటకం. కొడుకు పోయాడని తెలిసిన తండ్రి, మాట్లాడాల్సిన చోట మాట్లాడకుండా వీపు తిప్పాడు. మనిషి గుండె పగిలితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను తెర తాడు పట్టుకునేవాణ్ని. దేవుడి దయ వల్ల తాడు ఇరుక్కుంది, తెర పడలేదు, లేకపోతే అంత గొప్ప నటన నేను చూసేవాణ్ని కాదు. ఆ నటుడు, ఆ దర్శకుడు మా యలమందన్న. నా గురువు. ఆయన పెట్టిన భిక్షే నా సినిమాలు. అన్నా, ఎక్కడున్నావు? ఒక్కసారి పైకి రా అన్నా!"

పందిరి దద్దరిల్లింది. డాక్టరు గురించి ఒక్క ముక్క లేదు, అయినా సరే నేనూ చప్పట్లు కొట్టాను. యలమంద వైపు తిరిగాను. ఏళ్ల తరబడి కడుపు మాడ్చుకుంది ఈ మాట కోసమే కదా, ఎంత సంతోషిస్తున్నాడో చూద్దామని.

మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"ఈడికి తెలుసు మాస్టారూ," అన్నాడు.

"ఏంది తెలిసేది?"

"అంతా. ఆ రోజు నా మొహం చూసింది నువ్వూ ఆడూ. మీసం ఊడటం చూశాడు. నేను తెర అడగటం చూశాడు. అన్నీ తెలిసి గురువంటన్నాడు." ప్లగ్గు మీది చెయ్యి తీసేశాడు. "నాకు ముష్టేస్తన్నాడు, నా మైకులోనే."

లేచి, పంచె సర్దుకుని, మెట్లెక్కి పైకి వెళ్లాడు. అమర్నాథ్ కాళ్లకు దండం పెట్టబోతే ఆపి, చేతిలో మైకు లాక్కున్నాడు. ముందు వరసలో అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీసం ఊడింది," అన్నాడు యలమంద.

జనం నవ్వారు. సరదాకి అంటున్నాడనుకున్నారు.

"నవ్వమాకండి. నిజం చెబుతన్నా. నటనా లేదు, గాడిదగుడ్డూ లేదు. పెద్ద మీసం పెట్టించుకున్నా, చెమటకి ఊడింది. మీరు చూస్తే నా పరువు పోద్దని వెనక్కి తిరిగా. తెర వెయ్యరా అని ఈడికి సైగ చేశా. ఈడు వెయ్యలా. తాడు ఇరుక్కుందన్నాడు. ఇరుక్కోలా. ఈడి చేతిలో వదులుగానే ఉంది, నేను చూశా. మీరు ఏడవబోతన్నారని ఈడికి నాకన్నా ముందు తెలిసింది. అందుకని ఆపాడు. తాడు ఇరుక్కుందని ఈడు అబద్ధం చెప్పాడు, అదే నా ఉద్దేశమని నేను అబద్ధం చెప్పి ప్రైజు పట్టకపోయా. ఆ షాటు నాది కాదు, ఈడిదే. తీసుకోమనండి. నాకేం ముష్టి అక్కర్లా."

 ఇది ఆయన పెద్ద మనసు అని జనం అనుకుని ఉంటారు. నాకు తెలుసు, పెద్ద మనసు ఎక్కడా లేదు. ఇవ్వడంలో కూడా అమర్నాథ్ తనకంటే ముందు ఉండటం ఆయన ఓర్చుకోలేకపోయాడు, అంతే. కానీ అంత అసూయలోంచి అంత నిజం బయటికి రావడం నేను చూడటం అదే మొదటిసారి.

అమర్నాథ్ ఏదో అనబోయాడు.  అందరి ముందూ అలా నిలబడలేక వెనక్కి తిరిగాడు. జనానికి ఆయన వీపు, స్టేజీ వెనక కూర్చున్న నాకు ఆయన మొహం.

ఒక్క క్షణం ఆగి పందిరంతా లేచి నిలబడింది. ఈలలు, చప్పట్లు. అమర్నాథ్ వీపును కళ్లారా చూశామని కుర్రకారు కుర్చీలెక్కారు. వాళ్లు ఎక్కిన కుర్చీలు యలమందవి. ఆయన ఆ గోలలో మైకు చేత్తో పట్టుకుని, ఎవరికీ పట్టకుండా నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక చొక్కా విప్పి మంచం మీద కూలబడ్డాడు. అంజమ్మ నాకు కంచం పెట్టింది. ఆయన కంచం గూట్లోనే ఉంది.

"చూశావా మాస్టారూ," అన్నాడు. "ఊడింది నా మీసం. పోయింది నా పరువు. మైకు నాది, పందిరి నాది. వీపు తిప్పి చప్పట్లు మాత్రం ఆడు కొట్టేశాడు."

"నువ్వే ఇచ్చావుగా," అంది అంజమ్మ.

"నువ్వుండవే." నా వైపు జరిగాడు. "నువ్వు వెనకున్నావుగా. ఆడి మొహం చూశావుగా. నిజం చెప్పు. నవ్వుతన్నాడా?"

నవ్వుతున్నాడు అనేద్దామనుకున్నాను. ఆ డాక్టర్ని మర్చిపోయినందుకు అమర్నాథ్‌కు ఆ మాత్రం శిక్ష ఉండాలి. కానీ నేను చూసింది వేరు.

"ఏడుస్తున్నాడయ్యా. మూతి వంకరపోయి, ముక్కు కారిపోయి, చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. కండువాతో అదుముకున్నా ఆగలేదు."

యలమంద నిటారుగా కూర్చున్నాడు.

"ఇంకెవరన్నా చూశారా? కెమెరా వాళ్లు?"

"లేదు. కెమెరాలన్నీ ముందే ఉన్నాయి. నేనొక్కణ్నే చూశాను."

"ఆడు దేశాన్నంతా ఏడిపించాడు గదా," అన్నాడు మెల్లగా. "ఆణ్ని ఏడిపించింది నేను."

అంజమ్మ వైపు తిరిగాడు. "ఏమే, కంచం తియ్యి. ఆకలేస్తంది."